ఏటూరునాగారంలో ఆఫ్రికా పద్ధతి

దసరా పండుగ నాడు ఇంకా తెల్లవారకముందే రాజేశ్వర్ రావు ఖాకీ ప్యాంటు, ఖాకీ చొక్కా, ఖాకీ మేజోళ్లు తొడుక్కుని, వెడల్పు అంచుల టోపీ పెట్టుకుని, ఏటూరునాగారం ఫారెస్టు బంగళా వరండాలో గుసగుసగా మాట్లాడుతున్నాడు.

"ఛాయ్ అయ్యిందా?"

"గట్టిగ అడుగున్రి. ఈడ పిట్టలెక్కడియి?" అంది లోపలి నుంచి భార్య సుగుణ.

పాపం, ఆయన తప్పు కాదు. మొన్నమొన్నటి దాకా ఆయన వరంగల్ కలప డిపోలో దుంగలు కొలిచే అధికారి. ఆఫ్రికాలో శిక్షణకు ఒకరిని పంపాల్సి వచ్చినప్పుడు, ఎవరి పేరు రాసినా మరొకరు అలుగుతారని, ఎవరికీ గుర్తులేని డిపో అధికారి పేరు రాసి పంపారు. అక్కడి నేషనల్ పార్కులో పక్షులను చూపించే గైడు రెండు వేళ్లు పైకెత్తితే చాలు, జీపులోని టూరిస్టులంతా ఊపిరి బిగబట్టేవారు. ఒక మనిషి మాటకు అంత విలువ ఉండటం రాజేశ్వర్ రావు అంతకుముందు ఇంట్లోనూ చూడలేదు, ఆఫీసులోనూ చూడలేదు. పక్షుల మీద, ఆ రెండు వేళ్ల మీద ఆయనకు ఒకేసారి ప్రేమ పుట్టింది.

తిరిగొచ్చాక పై అధికారుల కాళ్లావేళ్లా పడి, ఆఫ్రికా పద్ధతిలో పక్షులను చూపించే పథకమొకటి ఏటూరునాగారం అడవిలో మొదలుపెట్టి చూపిస్తానని ఒప్పించాడు. హైదరాబాద్ నుంచి అటవీశాఖ పెద్దసారు పండక్కి హనుమకొండలోని అత్తగారింటికి వస్తున్నారు. దసరా పొద్దున సతీసమేతంగా వచ్చి చూస్తానన్నారు. నచ్చితే పథకం మంజూరు, రాజేశ్వర్ రావుకు జీవితాంతం పక్షులు. నచ్చకపోతే మళ్లీ డిపో, మళ్లీ దుంగలు. ఆ దుంగలు ఆయనకు కలలో కూడా వస్తున్నాయి.

అయితే ఆయన ఒక చిన్న పొరపాటు చేశాడు. ఫారెస్టు గార్డు రాయమల్లును పిలిచి, "దసరా నాడు పెద్దసారుకు పక్షులను చూపెట్టాలె. ఏర్పాట్లన్నీ నువ్వే చూసుకో," అన్నాడు.

దసరా నాడు చూడాల్సిన పక్షి ఏదో ఆ జిల్లాలో నడక నేర్చిన ప్రతివాడికీ తెలుసు. పాలపిట్ట. జమ్మి ఆకు చేతికందినా సరే, పాలపిట్ట కంటపడకపోతే ఆ ఏడాదంతా కలిసిరాదు. రాజేశ్వర్ రావుకూ ఈ సంగతి తెలియక కాదు. కానీ ఆఫ్రికా నుంచి వచ్చాక ఆయనకు పాలపిట్ట 'ఇండియన్ రోలర్' అయిపోయింది. రోలరుకు, పండక్కి సంబంధం ఉంటుందని ఆయనకు తట్టలేదు.

రాయమల్లుకు తట్టింది. సర్కారే జీపులు పెట్టి పాలపిట్టను చూపిస్తుంటే నలుగురికీ చెప్పకపోవడం పాపమనుకున్నాడు. వరంగల్ కొత్తవాడలో మగ్గం నేసే మేనత్త రాములవ్వకు చెప్పాడు. రాములవ్వకు చెప్పాక ఇంకెవరికీ చెప్పాల్సిన అవసరం రాలేదు.

ఛాయ్ తాగి చెక్‌పోస్టు దగ్గరికి వెళ్లిన రాజేశ్వర్ రావు అక్కడే కొయ్యబారిపోయాడు. రెండు లారీలు, లెక్కలేనన్ని ఎడ్లబండ్లు, కొత్త బట్టల్లో జనం, డప్పుల వాళ్లు. అన్నిటికీ ముందు పసుపు పట్టుచీర, ఆకుపచ్చ కొంగు, కొప్పు నిండా బంతిపూలతో రాములవ్వ.

"ఎవరు రాయమల్లూ వీళ్లంతా?" గుసగుస మరిచిపోయి అరిచాడు.

"మనోళ్లే సారు. పిట్టను చూడొచ్చిన్రు."

"ఎవరు పిలిచిన్రు?"

"ఒకలను పిలిస్తె ఇంకొకలకు కోపం. అందుకే అందరికి చెప్పిన."

రాజేశ్వర్ రావు ధైర్యం తెచ్చుకుని, జీపు బానెట్ మీదికెక్కి, ఆఫ్రికా గైడులాగే గంభీరంగా రెండు వేళ్లు పైకెత్తాడు.

"రెండు వేళ్లు చూపెడ్తాండు! రెండు పిట్టలున్నయట!" అని కేకేసింది రాములవ్వ. డప్పులు దద్దరిల్లాయి.

అంతలో దూరంగా పెద్దసారు జీపు హారన్ వినిపించింది. ఇక ఆయనకు ఏమీ తోచలేదు. పుట్టి బుద్ధెరిగాక ఆడనంత పెద్ద అబద్ధం ఆడేశాడు. "పాలపిట్ట వాగు అవతల ఉన్నది! తొందరగ పోన్రి!"

జనం దుమ్ము రేపుకుంటూ కాలిబాటన వాగు వైపు పోయారు. రాజేశ్వర్ రావు చెమట తుడుచుకుని, టోపీ సర్దుకుని, జీపు దిగిన పెద్దసారుకు సెల్యూట్ కొట్టాడు.

"సార్, ఆఫ్రికా పద్ధతిలో మాట్లాడొద్దు, కదలొద్దు, దగ్గొద్దు," అన్నాడు గుసగుసగా.

అంతటి అధికారిని దగ్గొద్దన్నవాడు డిపార్టుమెంటులో ఇంతవరకూ లేడు. ఆ కొత్తదనం పెద్దసారుకు నచ్చినట్టే ఉంది. బుద్ధిగా జీపులో కూర్చున్నారు. జనం పోయిన బాటకు దూరంగా, వాగు ఇవతలి గట్టున చెట్టు చాటుకు జీపు ఆగింది. ఒక లకుముకి పిట్ట నీళ్లలోకి దూకి చేపతో లేచింది. ఇసుక మీద కొంగలు ఒంటికాలి మీద నిలబడ్డాయి. పెద్దసారు భార్య మురిసిపోయి నోరు తెరవబోతే రాజేశ్వర్ రావు రెండు వేళ్లెత్తాడు. ఆమె నోరు మూసుకుంది! ఆ క్షణంలో ఆయనకు కలిగిన ఆనందం ఇంతా అంతా కాదు.

సరిగ్గా అప్పుడే అవతలి గట్టున డప్పులు మోగాయి. కొంగలు, లకుముకి, కంటికి కనిపించనివి కూడా కట్టగట్టుకుని ఎగిరిపోయాయి.

పెద్దసారు మాత్రం బైనాక్యులర్స్ దించలేదు. "రావ్, ఆ ఒడ్డున ఉన్నది ఏం పక్షి? పసుపు ఒళ్లు, ఆకుపచ్చ రెక్క. తల మీద పూల కుచ్చు. అబ్బ, ఎంత పెద్దగున్నది!"

రాజేశ్వర్ రావు చూశాడు. "చాలా అరుదైన పక్షి సార్."

"నీళ్లల్ల దిగింది. మన దిక్కే వస్తాంది!"

"అవి గుంపులుగనే తిరుగుతయ్ సార్," అన్నాడాయన ఏడుపు గొంతుతో.

కొత్త బట్టలు మోకాళ్ల దాకా తడిసిన జనం వచ్చి జీపును చుట్టుముట్టారు. "ఏం సారూ, వాగవతల కాకి గూడ లేదు! పండుగ పూట గింత అబద్ధమా?" అని నిలదీసింది రాములవ్వ.

పెద్దసారు మొహం ఎర్రబడింది. "ఏం అబద్ధం? ఎవరమ్మా మీరు?"

"పాలపిట్టను చూపెడ్తమని సర్కారే పిలిచింది. పొద్దటి సంది మంచినీళ్లు గూడ ముట్టలే. పిట్టను చూసినంకనే ఈ జీపు కదిలేది!" రాములవ్వ జీపు ముందు చతికిలబడింది. వెనకాలే ఆడవాళ్లంతా కూర్చున్నారు.

రాజేశ్వర్ రావు చెవి దగ్గరికి రాయమల్లు వచ్చాడు. "ఫికర్ చెయ్యకున్రి సారు. కనబడకపోతె ఎట్లని బందోబస్తు చేసిన."

వద్దనే లోపే ఈల వేశాడు. పొద చాటు నుంచి పిట్టలు పట్టే పెద్దులు అనేవాడు వచ్చి, జీపు బానెట్ మీద ఒక పంజరం పెట్టి, పైనున్న గుడ్డ తీశాడు. లోపల, నీలి రెక్కలతో పాలపిట్ట.

రాజేశ్వర్ రావుకు ప్రాణం పోయినంత పనైంది. అభయారణ్యం నడిమధ్యన, అడవిని కాపాడే పెద్దసారు కళ్లెదుట, సొంత గార్డు తెప్పించిన పంజరం. ఇది కేసు. ఇది సస్పెన్షన్. ఇప్పుడు డిపో దొరికితే అదే పదివేలు. టోపీ తీసి గుండెలకు హత్తుకుని, భయంభయంగా పెద్దసారు వైపు తిరిగాడు.

పెద్దసారు బూట్లు విప్పుతున్నారు.

"దండం పెట్టుకోండి, ఊఁ," అంటోంది ఆయన భార్య. "పోయిన దసరాకు కనపడకనే మీ ప్రమోషన్ ఆగిపోయింది."

పెద్దసారు కళ్లు మూసుకుని దండం పెట్టారు. కళ్లు తెరిచి మళ్లీ పెట్టారు. జనమంతా చేతులు జోడించారు. అడవిలో ఆకు కదిలితే వినిపించేంత నిశ్శబ్దం. తరువాత ఆయన బూట్లు తొడుక్కుని, లేసులు కట్టుకుని, అధికారి గొంతుతో గర్జించారు. "పిట్టను పంజరంల పెట్టుడు నేరం! ఇప్పుడే వదిలిపెట్టు!"

పెద్దులు తలుపు తీశాడు. పాలపిట్ట అందరి తలల మీదుగా ఎగిరిపోయింది. ఈలలు, కేకలు, డప్పులు. రాములవ్వ పెద్దసారు చేతిలో జమ్మి ఆకు పెట్టి, "అలయ్ బలయ్ బిడ్డా!" అని గట్టిగా కావలించుకుంది. ఇందాక బైనాక్యులర్స్‌లో చూసిన పక్షిని ఆయన ఇంత దగ్గరగా చూసి కూడా గుర్తుపట్టలేదు.

"శభాష్ రావ్!" అన్నారు జీపెక్కుతూ. "అడవిని చూడనీకి ఇంతమంది జనం నా సర్వీసుల రాలే. ఆఫ్రికాల గూడ ఇట్లనే చేస్తరా?"

"ఇంచుమించు ఇట్లనే సార్," అన్నాడు రాజేశ్వర్ రావు. గండం గడిచిందన్న సంతోషంతో ఆయన కళ్లు చెమర్చాయి.

కొన్నాళ్లకు హైదరాబాద్ నుంచి పెద్దసారే ఫోన్ చేశారు. ప్రమోషన్ వచ్చిందట. పథకం మంజూరైందట, బాధ్యత రాజేశ్వర్ రావుదేనట. ప్రతి ఏటా, దసరా నాడు, అచ్చం అదే పద్ధతిలో చేయాలట. మిగిలిన రోజుల్లో పనేమీ ఉండదు కనుక, రేపే డిపోకు వెళ్లి చేరమన్నారు.

రాజేశ్వర్ రావు ఫోన్ పెట్టేసి, ఉన్నచోటే కూలబడ్డాడు. సంగతంతా విన్న సుగుణ ఛాయ్ గ్లాసు చేతికిస్తూ ఓదార్చింది.

"పోనియ్యున్రి. దుంగలైతె డప్పుల చప్పుడుకు ఎగిరిపోవు."