పుల్లన్న ఫోనులో ఈరప్ప చేను

ఆ ఉదయం పుల్లన్న పెట్టుకున్న పని ఒక్కటే. ఎండ ముదరక ముందే ఈరప్ప ఇంటికి వెళ్లి, తన చేని పక్కనే ఉన్న అతని చేను బేరం తేల్చుకోవాలి. ఈరప్ప బోర్లు వేసి వేసి విసిగిపోయాడు. చేను అమ్మేసి గొర్రెలు కొనుక్కుంటానని, ఒక రేటు కూడా చెప్పి, నిన్ననే మాట ఇచ్చాడు. రెండు చేలూ కలిస్తే తన ఒక్క బోరుతోనే రెండింటికీ నీళ్లు పారించవచ్చని పుల్లన్నకు చాలా ఏళ్లుగా ఆశ.

చెప్పుల్లో కాళ్లు పెట్టబోతుంటే భార్య సుబ్బరత్నమ్మ ఆపింది. "ఇట్లనే పోతివంటే ఆయప్ప ఎంత చెప్తే అంతకు తలూపి వస్తావు. సర్కారు విలువ ఎంతుండాదో చూసుకొని పో. రిజిస్ట్రేషన్ ఖర్చు కూడా దాని మీదనే గదా ఏస్తారు. నందిని ఫోన్లో పెట్టిచ్చి పోలేదా?"

అనంతపురంలో బ్యాంకు ఉద్యోగం చేస్తున్న కూతురు నందిని, పోయిన ఆదివారం వచ్చినప్పుడు తండ్రి ఫోనులో ఒక మ్యాపు పెట్టి వెళ్లింది. ఆకాశం నుంచి తీసిన ఫోటో మీద గీతలు గీసి ఉంటాయి. ఏ గడి మీద వేలు పెడితే ఆ భూమి ప్రభుత్వ విలువ, పన్ను కనబడతాయి. కిందికి జరిపితే ఇంకా ఏవేవో వస్తాయి.

పుల్లన్న అరుగు మీద కూర్చుని ముందుగా తన ఇంటి మీదే వేలు పెట్టాడు. మిద్దె మీద ఆరేసిన కంబళి కూడా కనబడింది. ముచ్చటేసింది. తర్వాత టీ హోటలు చూశాడు. బడి చూశాడు. పిండిమిల్లు చూశాడు.

"ఏమే, మిల్లాయన ఇంటి పన్ను మన కంటే తక్కువ కడతాండాడే. అంత పెద్ద మిద్దెకి."

"కాఫీ చల్లారిపోతాండాది."

"ఇంకొక ఇల్లు చూసి లేస్తా."

అలా ఊరు ఊరంతా చూశాడు గానీ, ఈరప్ప చేను మాత్రం చిక్కలేదు. పైనుంచి చూస్తే ఆ మెట్ట మీద అన్ని చేలూ ఒకే తీరు ఎర్రటి పలకలు. ఎవరిది ఎక్కడ మొదలవుతుందో, ఎక్కడ ముగుస్తుందో తెలియలేదు. మనం నిలబడిన చోటు మ్యాపులో నీలం చుక్కగా కనబడుతుందని నందిని చెప్పిన సంగతి గుర్తొచ్చింది. ఈరప్ప చేలోనే నిలబడి చూస్తే సరిపోతుందనుకుని బయలుదేరాడు.

చేలో ఎండకు ఫోను తెర కనబడలేదు. తుండుగుడ్డ తల మీద నుంచి ఫోను మీదికి కప్పుకుని, నడుం వంచి, అడుగులో అడుగు వేస్తూ చేనంతా తిరిగాడు. చుక్క కూడా అతనితో పాటు మెల్లగా కదులుతోంది. అది ఆగిన గడి మీద వేలు పెట్టాడు. విలువ చాలా తక్కువ చూపించింది. పుల్లన్న ముఖం వికసించింది.

వజ్రకరూరు చుట్టుపక్కల పల్లెల్లో తొలకరి జల్లు పడ్డాక చేలో తల వంచుకుని తిరిగే మనిషిని చూస్తే ఎవరికైనా ఒకటే ఆలోచన వస్తుంది. వానకు మట్టి కొట్టుకుపోయి వజ్రాలు పైకి తేలుతాయని అక్కడి వాళ్ల నమ్మకం. జల్లు పడింది మొన్ననే. గొర్రెలు తోలుకుపోతున్న కుళ్లాయప్ప గట్టు మీద ఆగిపోయాడు.

"ఏమన్నా, ఏం ఎతుకుతాండావు?"

బేరం సంగతి ముందే బయటపడటం పుల్లన్నకు ఇష్టం లేదు. "ఏం లేదప్పా, ఊరికే."

"ఊరికేనా. ఆ ఫోన్లో ఏం చూస్తాండావు?"

"భూమిలో ఏముండాదో చూపిస్తాది లే. నువ్వు గొర్రెల్ని చూసుకోపో."

కుళ్లాయప్ప గొర్రెల్ని చూసుకోలేదు. జేబులోంచి ఫోను తీశాడు.

పుల్లన్న వెళ్లేసరికి ఈరప్ప గడపలోనే నిలబడి ఉన్నాడు. కూర్చోమనలేదు.

"చేను అమ్మే మాట లేదు పుల్లన్నా."

"నిన్న అమ్ముతానంటివి గదప్పా."

"నిన్న నాకు తెల్దు."

"ఏం తెల్దు?"

"నీకు తెలిసింది నాకు తెల్దు."

లోపలినుంచి ఈరప్ప భార్య బయమ్మ వచ్చి, గొంతు తగ్గించి అడిగింది. "ఎంత లావుండాది అన్నా?"

"ఏంది?"

"నువ్వు చూసింది."

పుల్లన్న ఇద్దరి ముఖాలూ చూశాడు. ఏమీ అర్థం కాలేదు. అంతలో ఎవరో కేకేసుకుంటూ వచ్చి, ఈరప్ప చేలో జనం పడ్డారని చెప్పారు. అందరూ అటు పరుగెత్తారు.

చేలో సగం ఊరు ఉంది. అందరూ వంగి ఉన్నారు. పక్క ఊళ్ల నుంచి ఆటోలు కూడా వచ్చాయి. పుల్లన్న కనబడగానే వంగినవాళ్లంతా లేచి అతని చుట్టూ మూగారు. "మా చేను కూడా ఒకసారి చూడన్నా" అని ఒకడు బతిమాలాడు. దొరికిన దాంట్లో నాలుగో వంతు ఇస్తానని ఇంకొకడు చెవిలో చెప్పాడు. అప్పుడు గాని పుల్లన్నకు విషయం తెలియలేదు.

"వజ్రాలూ లేవు, ఏమీ లేవప్పా. నేను రేటు చూసుకోనీకి వచ్చినా."

"దొరికినోడు దొరికిందని చెప్తాడా" అంది గుంపులోంచి ఒక గొంతు.

చేను చెయ్యి జారిపోతోందన్న భయం పట్టుకుంది పుల్లన్నకు. లేదన్న కొద్దీ వాళ్ల నమ్మకం గట్టిపడుతోంది. ఇక ఫోను చూపించడం తప్ప దారి లేదనుకుని, తెర అందరికీ కనబడేలా పైకెత్తాడు.

"ఇదో చూడండి. ఈ చుక్క మనం. ఇది ఈ చేను. బాట లేదు. సర్కారోళ్లు కట్టిన విలువ చూడండి, మూడూళ్లలో ఇంత తక్కువ చేను లేదు. ఇదంతా రాళ్లు. గొర్రె కూడా ఈడ మేత దొరకదని తెలిసి పక్కకు పోతాది. తెలివుండేవాడు ఎవడన్నా దీన్ని కొంటాడా? ఏదో పక్క చేనోడని, ఈరప్ప మీద జాలితో అడిగినా."

మాట బాగా పని చేసింది. కొందరు మోకాళ్లకంటిన మట్టి దులుపుకున్నారు. ఒక ఆటో వెనక్కి తిరిగింది. ఈరప్ప ముఖం వాడిపోయింది. తాత నాటి నుంచి దున్నిన చేను ఇంత పనికిమాలిందని అతనికి ఇంతవరకూ ఎవరూ చెప్పలేదు.

"అన్నా, దాంట్లో నా పేరు యాడుండాది?" అని మెల్లగా అడిగాడు.

"కిందుంటాది, చూపిస్తా ఉండు."

పుల్లన్న వేలితో తెరను కిందికి జరిపాడు. యజమాని పేరు వచ్చింది. అతను చదవలేదు. ఈరప్ప వంగి, అక్షరం అక్షరం కూడబలుక్కుని చదివాడు.

"పుల్లన్న, అనుండాదే."

అప్పటికే అక్కడికి వచ్చిన సుబ్బరత్నమ్మ ఫోను లాక్కుని చూసింది. చుక్క పక్కకు జరిగిందో, గీతలే జరిగాయో గానీ, తెర మీద ఉన్నది ఈరప్ప చేను కాదు. ఆమె గట్టు అవతలికి చూసింది, మళ్లీ ఫోను చూసింది.

"ఇది మన చేను. కాళ్ల కింద ఏ నేలుండాదో ఫోన్ని అడిగితివి. ఇంతసేపూ పది మందిలో తిట్టింది మన చేనినే."

జనంలో ఒకరిద్దరు నవ్వారు. కుళ్లాయప్ప మాత్రం నవ్వలేదు. గడ్డం గోక్కుంటూ అన్నాడు.

"సొంత చేనిని ఇంతగా ఎవడన్నా తిడతాడాప్పా? మనల్నందర్నీ ఈడ నిలబెట్టి, అసలు దాన్ని ఆడ దాచినాడు."

అందరూ ఒక్కసారిగా గట్టు దాటారు. తిరిగిపోతున్న ఆటో కూడా ఆగింది. పుల్లన్న తన చేలో నిన్ననే వేరుశనగ విత్తాడు.

"ఇత్తనమేసినానప్పా, తొక్కద్దండి" అంటూ పుల్లన్న వెంటపడ్డాడు. ఒకరిని బయటికి పంపితే ఇద్దరు లోపలికి వస్తున్నారు. చివరకు అతని పక్కన కట్టె పట్టుకుని నిలబడింది ఈరప్ప ఒక్కడే. ఇద్దరూ కలిసి పొద్దువాలేదాకా జనాన్ని తోలారు.

అంతా వెళ్లాక గట్టు మీద చతికిలబడ్డారు. పుల్లన్న దున్నినట్టు తిరగబడిన తన చేని వైపు చూడలేక, ఈరప్ప చేని వైపు తిరిగి కూర్చున్నాడు.

"నీ చేనిని నేనట్ల అనకూడదుండె ఈరప్పా."

"నువ్వు అనింది నీ చేనిని గదన్నా." ఈరప్ప నవ్వాడు. "నిన్న చెప్పిన రేటే. కావాలంటే తీసుకో. ఇంకొకసారి ఫోన్లో చూసుకుంటావా?"

"వద్దప్పా" అన్నాడు పుల్లన్న.

బేరం అక్కడే కుదిరింది. పుల్లన్న మళ్లీ విత్తనం కొని విత్తాల్సి వచ్చింది. ఆ రోజు వెతికినవాళ్లలో వజ్రం ఒక్కరికీ దొరకలేదు గానీ, వేరుశనగ విత్తనాలు మాత్రం తలా గుప్పెడు దొరికాయి.