పొలిమేర దాటిన వయ్యారిభామ

గువ్వలబండ కలుపు లేని గ్రామంగా ప్రకటింపబడినదని తెలియజేయడానికి సంతోషిస్తున్నాము. కుందుర్పి దారిలో ఊరి మొదట పాతిన బోర్డు మీద ఈ సంగతి పెద్ద అక్షరాలతో రాసి ఉంది. బోర్డు చుట్టూ వయ్యారిభామ మొక్క నడుమెత్తున పెరిగినందువల్ల అక్షరాలు కనిపించకపోతే అది రాసినవాడి తప్పు కాదు.

కరువు సాయంగా వచ్చిన గోధుమల్లో కలిసి ఈ మొక్క ఆ సీమకు వచ్చిందని చెప్పుకునేవారు. సర్కారు పంపినవాటిలో ఇంత నిజాయితీగా ప్రతి ఊరికీ చేరింది ఇంకొకటి లేదు. దరఖాస్తు అడగలేదు, సిఫారసు అడగలేదు, ఆఖరికి వానను కూడా పెద్దగా అడగలేదు. ఊరి బీడంతా తెల్లటి పూలు పూసి, దూరం నుంచి చూసేవాళ్లకు కన్నుల పండుగగా ఉండేది. దగ్గరికి పోయినవాళ్లు ఒళ్లు గోక్కునేవారు.

అందరికంటే ఎక్కువ గోక్కున్నవాడు ఎర్రన్న. అతనికున్నదల్లా ఒక గొర్రెల మంద. ఆ మందకున్నదల్లా ఆ బీడు. గొర్రెలు మొక్కను వాసన చూసి మొహం తిప్పుకునేవి. ఆకలికి ఓర్వలేక తిన్నవాటి పాలు చేదెక్కితే పిల్లలు పొదుగు వదిలేసేవి. బీడు పోతే మంద పోతుందని, మంద పోతే కూలికి పోవాలని ఎర్రన్నకు తెలుసు. అతని పెళ్లాం ఓబులమ్మకు అంతకు ముందే తెలుసు.

ప్రభుత్వం నిద్రపోతోందని ఎవరూ అనుకోరాదు. పూత రాకముందే మొక్కను పీకి కాల్చేయాలని ఉత్తర్వు వేసింది. ఆ ఉత్తర్వు ఆగవలసిన ప్రతి బల్ల మీదా ఆగి గువ్వలబండ చేరేసరికి మొక్క పూసి, కాసి, గింజ రాల్చడానికి సిద్ధంగా ఉంది. అభివృద్ధి అధికారిగారు జీపు దిగి బడి అరుగు మీద ప్రసంగించారు.

"ఈ మొక్క జాతికి శత్రువు. దీన్ని సమూలంగా నిర్మూలించే చారిత్రక బాధ్యతను కాలం మీ భుజస్కంధాలపై మోపింది" అన్నారు.

ఊరు ఒకసారి తన భుజాలు చూసుకుంది. కరువులో బంతిపూలు దొరక్క సర్పంచు సోమప్ప ఆయనకు వేసిన దండ ఏ మొక్కదో అధికారిగారు మెడ దురద మొదలయ్యేదాకా గమనించలేదు.

పీకడం అయిపోయింది. కాల్చడానికి కిరసనాయిలు ఎవరివ్వాలన్న దగ్గర చర్చ మొదలై, ఆగేటట్టు కనబడలేదు. అప్పుడు ఎర్రన్న లేచాడు.

"కాల్చేదెందుకప్పా? ఊర్లో రోగమొస్తే మారెమ్మను బండెక్కించి పొలిమేర దాటిస్తాం గదా. దీన్నీ అట్లే అంపితే పోతాది."

తాతల నాటి నుంచి ఊరికి తెలిసిన వైద్యం అదొక్కటే. రోగాన్ని చంపినవాళ్లు ఎవరూ లేరు, పక్క ఊరికి పంపినవాళ్లే అందరూ. మొక్కల కుప్పను బండికెక్కించారు. ఓబులమ్మ తన పాత పచ్చకోక చించి, అమ్మవారికి కట్టినట్టు కుప్ప చుట్టూ కట్టింది. వేపమండలు గుచ్చి, తప్పెట్లు కొట్టారు. ప్రజల భాగస్వామ్యం అంటే ఇదేనని అధికారిగారు పొంగిపోయి తానే కొబ్బరికాయ కొట్టారు. బండి గుంతల్లో ఎగిరినప్పుడల్లా గింజలు అక్షింతల్లా రాలాయి. కుప్పను జాజరకొండ పొలిమేరలో దించి వచ్చారు. మరునాడే బోర్డు వెలిసింది.

జాజరకొండ వాళ్లూ ధర్మం తెలిసినవాళ్లే. తమ కలుపు కూడా దానికి కలిపి ముందు ఊరికి సాగనంపారు. అక్కడా అధికారిగారు, కొబ్బరికాయ, బోర్డు. ఏడాది తిరిగేసరికి ఆ చుట్టుపక్కల కలుపు ఉన్న ఊరు ఒక్కటీ లేదు. కలుపు లేని బీడూ లేదు. ఈ ఘనకార్యానికి అధికారిగారికి పతకం ఇచ్చి, ఆయన మీద అర్జీలు ఎక్కువైనందున పక్క జిల్లాకు బదిలీ చేశారు. పద్ధతి అదే, తప్పెట్లు మాత్రం లేవు.

తొలకరి చినుకుకే గువ్వలబండ బీడులో బండిజాడల వెంట కొత్త మొక్కలు బారులు తీరాయి. ఎర్రన్న సోమప్ప దగ్గరికి పరుగెత్తాడు.

"బోర్డు చూళ్లేదా ఎర్రన్నా? లేని కలుపును పీకమని నేను ఎవురికి చెప్పేది?" అన్నాడు సోమప్ప. మాట న్యాయమైనదే.

మొగుడూ పెళ్లాలు మందను తోలుకుని ఊళ్లు పట్టారు. ప్రతి ఊరి ముందరా బోర్డు, బోర్డు వెనక తెల్లటి పూలు. దారిలో కొన్ని గొర్రెపిల్లలు పడిపోయాయి. పడిపోయినవాటిని చూడలేక ఓబులమ్మ ముందు నడిచింది. నడిచి నడిచి కన్నడ సీమ అంచుకు చేరారు. చివరి ఊరి పొలిమేర రాయికి అవతల పచ్చటి గడ్డి, నిజమైన గడ్డి, గాలికి ఊగుతోంది. ఎర్రన్నకు కళ్లలో నీళ్లు తిరిగాయి. మంద బతికిందనుకున్నాడు.

రాయికి ఇవతల ఒక బండి నిలబడి ఉంది. దాని మీద మొక్కల కుప్ప. కుప్పకు కట్టిన పాత పచ్చకోక పీలికను ఓబులమ్మ గుర్తుపట్టింది.

ఎద్దులు కడుతున్న ఆ ఊరి పెద్ద కుళ్ళాయప్ప పలకరించాడు. "ఎవురో చెడినోళ్లు మా పొలిమేరలో దించిపోయినారన్నా. ఆ పక్కకు అంపుతాండాం. వాళ్లు కన్నడమోళ్లు, మన బోర్డు వాళ్లకు చదవను రాదు. ఇది ఏ ఊరోళ్ల పనో నీకేమన్నా ఎరికనా?"

మిగిలింది ఆ గడ్డి ఒక్కటేనని, బండి ఆపమని చెప్పడానికి ఎర్రన్న నోరు తెరిచాడు. ఓబులమ్మ అతని మోచేయి పట్టుకుంది.

"కోక నాదని చెప్తావా?" అంది నెమ్మదిగా.

ఎర్రన్న నోరు మూసుకుని, మళ్లీ తెరిచాడు. "ఎవురోన్నా. యాడోళ్లో."

తప్పెట్లు మోగాయి. బండి రాయి దాటి పచ్చగడ్డిలోకి దిగింది. బండి మీద ఉన్నది మేతేమోనని గొర్రెలు దాని వెంట పడ్డాయి. వాటి వెంట ఎర్రన్న నడిచాడు.

మీరు నవ్వుకుంటున్నారని తెలుసు. నవ్వండి. రేపు తప్పెట్లు మీ పొలిమేరలో వినిపించినప్పుడు మీరు ముందుగా చూసేది బండి వైపు కాదు, పక్క ఊరి వైపు.