ముత్యాల చాటు చెవులు

చక్రవర్తులు ఊరికే మారిపోవడం దేశానికి అరిష్టమని కొందరు గొణుగుతుంటారు. ఒట్టి అమాయకులు! కాన్‌స్టాంటినోపుల్ చర్చి గోడల మీద రంగు గాజుముక్కలతో బొమ్మలు అతికే పనివాణ్ణి. నన్నడగండి, చెబుతాను.

కొత్త ప్రభువు గద్దె ఎక్కగానే గోడ మీది పాత తల పీకి కొత్త తల అతుకుతాం. ఒంటిని ముట్టుకోం. ఆ పట్టుబట్టలు, దేవుడికిచ్చే ఆ దానం సంచి, తల వెనక బంగారు వలయం ఎవరొచ్చినా సరిపోతాయి. నిన్నటిదాకా గుర్రపుశాలలో కొట్లాటలకు దిగినవాడు ఇవాళ పుణ్యపురుషుడు! ఇంత పొదుపు ఇంకెక్కడైనా ఉందా?

ఉందట, కైరోలో. నా పక్కన పనిచేసే ఇద్రీస్ ఆ ఊరి చిత్రకారుడే. యుద్ధంలో ఖైదీగా దొరికితే మావాళ్లు ఇక్కడ పనిలో పెట్టారు.

"మాకు తల మార్చే పని కూడా లేదు బాబాయ్," అన్నాడోసారి. "గుండ్రటి మొహం, చేతిలో గిన్నె, నెత్తిన తలపాగా. ఏ ప్రభువుకైనా అదే బొమ్మ. పేరొక్కటి మారుస్తాం."

ఆ యుద్ధంలోనే నా కొడుకు లియో వాళ్లకు చిక్కాడు. ఇద్రీస్‌ను పంపి మావాణ్ణి తెచ్చుకుంటే సరి. మా ఇద్దరి మధ్యా ఒప్పందం ఎప్పుడో కుదిరింది. ఇక ప్రభువులు వినడమే తరువాయి. మా ఆవిడ అంతూసా రాజభవనం గుమ్మంలో ప్రతి చక్రవర్తికీ మొరపెట్టుకుంటూనే ఉంది. ఆయన వినేలోపే తల మారిపోతోంది.

మొన్న నాకు రొట్టె, ఆలివ్ కాయలు తెచ్చి, గోడకేసి చాలాసేపు చూసింది.

"ఇన్ని తలలు అతికావు కదయ్యా. ఒక్కదానికైనా చెవులు పెట్టావా?"

పెట్టలేదు. కిరీటం నుంచి వేలాడే ముత్యాల పేటలు చెవుల్ని కప్పేయాలి. అది మా ఆచారం.

"మీ తలపాగా మాటేంటి నాయనా?" అని ఇద్రీస్‌ను అడిగింది.

"చెవుల మీదుగానే చుడతాం పిన్నీ," అన్నాడతను తల దించుకుని.

అందుకే ఈసారి ముత్యాలు పక్కకు జరిపి, రెండు చక్కటి చెవులు పెట్టాను. చూడ్డానికొచ్చిన అధికారి మొహం చిట్లించాడు.

"ఏంటివి?"

"చెవులండీ."

"ప్రభువుకెందుకయ్యా అవి? తీసేసి ముత్యాలు పెట్టు."

పెట్టాను. గారతో సహా ఊడబెరికిన ఆ చెవుల్ని అంతూసా కొంగున కట్టుకుని ఇంటికి తీసుకెళ్లింది. కిటికీలో పెట్టుకుని, లియో సంగతి రోజూ వాటికి చెప్పుకుంటోంది. అడ్డు రాకుండా, విసుక్కోకుండా వింటున్నాయి. ఇంత మంచి ప్రభుత్వాన్ని నా జన్మలో చూడలేదు.