ఏడో భాగంలో గొడుగు

కథ చదివి మెచ్చుకోవడం ఎవరైనా చేస్తారు. చదవకుండా మెచ్చుకోవాలంటే గుండెధైర్యం కావాలి!

నమ్మరా? అయితే నిదానంగా వినండి. ఈ రోజుల్లో ఫోన్లలో కథలు రాసుకునే మాబోటి వాళ్ళకి పట్టిన అదృష్టమల్లా ఒక్కటే, వాటిని ఎవరూ చదవకపోవడం. చదివితే తప్పులు కనబడతాయి. కనబడితే నోరు ఊరుకోదు. నోరు ఊరుకోకపోతే స్నేహాలు మిగులుతాయా? అందుకే చదవకుండా కామెంటు పెట్టే పద్ధతిని మించిన సాహిత్యసేవ మరొకటి లేదని నేను ఘంటాపథంగా చెబుతాను. పుట్టి బుద్ధెరిగాక నేను శ్రద్ధగా నేర్చుకున్న విద్య ఇదొక్కటే మరి.

నాది కళ్ళజోళ్ళ షాపు. ముందుగదిలో ఫ్రేములు, వెనకగదిలో అక్షరాల చార్టు. రెంటికీ మధ్య చిన్న బల్ల దగ్గర మా ఆవిడ అద్దాలు అరగదీసి ఫ్రేముల్లో బిగిస్తూ ఉంటుంది. పొద్దున్నుంచి సాయంత్రం దాకా జనానికి అక్షరాలు కనబడేలా చెయ్యడం నా వృత్తి. గిరాకీ లేనప్పుడు కౌంటరు వెనక కూర్చుని, ఫోన్లో అవే అక్షరాల మీంచి బొటనవేలితో జర్రున జారిపోవడం నా ప్రవృత్తి.

నేనూ రచయితనే. ఒక కథల యాప్‌లో మూడేళ్ళుగా 'నాలుగో అంతస్తు' అనే సీరియల్ రాస్తున్నాను. పెద్ద భవనంలో లిఫ్టు నడిపే ఒకాయన, నాలుగో అంతస్తులో ఎవరో పాడుతుంటే ఆ గొంతు విని ప్రేమలో పడతాడు. ఇప్పటికి యాభై రెండు భాగాలయ్యాయి. ఆయన ఇంకా రెండో అంతస్తులోనే ఉన్నాడు.

మా ఆవిడ మొదటి భాగం చదివింది. యాభై రెండోది పెట్టిన రోజున, అద్దం అరగదీస్తూ తలెత్తకుండా అడిగింది. "మీ లిఫ్టాయన నాలుగో అంతస్తుకి చేరాడా?"

"ఇంకా లేదు."

"మెట్లెక్కమనండి," అంది.

ఇంట్లోవాళ్ళకి సాహిత్యం అర్థం కాదని ఊరికే అన్నారా పెద్దలు? అనలేదా? అనకపోతే అనాల్సింది.

యాప్‌లో మేం రాసేవాళ్ళం ముప్ఫై మంది దాకా ఉన్నాం. చదివేవాళ్ళమూ మేమే. నేను మీ భాగం కింద ఒక మంచిమాట రాస్తాను, మీరు నా భాగం కింద ఒకటి రాస్తారు. ఇస్తినమ్మ వాయనం, పుచ్చుకుంటినమ్మ వాయనం. ఇందులో మళ్ళీ చదువుకునే తీరికెక్కడిది? అందుకని నా ఫోన్లో ఐదు మాటలు రాసి సిద్ధంగా పెట్టుకున్నాను. 'అద్భుతం.' 'కళ్ళు చెమర్చాయి.' 'ముగింపు ఊహించలేదు.' 'మీ శైలికి నమస్కారం.' అయిదోది నాకు బాగా ఇష్టమైనది: 'తర్వాతి భాగం కోసం కళ్ళు కాయలు కాచేలా ఎదురుచూస్తూ.' కళ్ళజోళ్ళవాణ్ణి కదా, కళ్ళు లేకుండా ఉండలేను.

వీటిని వరసగా ఒకటి తర్వాత ఒకటి అంటిస్తూ పోతాను. ఏ కథకి ఏది పడుతుందో ఆ కథ అదృష్టం.

ఇది మోసం అంటారేమో. ఎంతమాట! మా గుంపులో ఒకాయన ఇల్లు మారుతూ, 'రెండు మంచాలు, ఒక బీరువా అమ్మబడును' అని పొరపాటున కథల పేజీలో పెట్టాడు. పదకొండు మందికి కళ్ళు చెమర్చాయి. మరొకావిడ ఒకే భాగాన్ని రెండుసార్లు పెట్టింది. మొదటిదానికంటే రెండోది చిక్కగా వచ్చిందన్నాం. ఇంకొకాయన తొందరలో ఖాళీ పేజీ పెట్టేశాడు. "ఎంత చెప్పినా తక్కువే," అని రాశాం. ఆ పేజీకి ఆయన జీవితంలో ఎన్నడూ రానన్ని లైకులు వచ్చాయి. ఇంతమందిని ఇంత చవగ్గా ఆనందపెట్టే ఏర్పాటు ఇంకెక్కడైనా ఉందా?

ఈ విద్యలో నాకు గురువు కూడా ఉన్నారు. మా షాపుకొచ్చే రిటైరైన మాస్టారు. చార్టులో ఆఖరి వరస దాకా ఆయనకి కంఠతా వచ్చు. కుర్చీలో కూర్చోగానే గడగడా అప్పజెప్పేస్తారు. ఒకసారి అనుమానమొచ్చి చార్టు వెనక లైటు ఆర్పేశాను. ఆయన ఆగలేదు. వరస పూర్తిచేసి, "నా చూపుకేం ఢోకా లేదయ్యా, పాత అద్దాలే ఉంచు," అన్నారు. కామెంటు పెట్టేవాడికి ఉండాల్సింది అచ్చంగా ఆ ఆత్మవిశ్వాసమే.

ఇంత చక్కగా సాగుతున్న కాపురంలో నిప్పులు పోయడానికి ఒకావిడ వచ్చింది. పేరేమిటో తెలీదు. యాప్‌లో 'పెన్సిల్ ముక్క' అని పెట్టుకుంది. ఆవిడకొక దుర్గుణం ఉంది. చదువుతుంది.

నా పద్నాలుగో భాగం కింద అందరూ అద్భుతం, అద్భుతం అని రాస్తున్న చోట ఆవిడ ఇలా రాసింది. "లిఫ్టు తొమ్మిదో భాగంలో చెడిపోయిందన్నారు. బాగుచేసినట్టు ఎక్కడా రాయలేదు. మరి ఇప్పుడు ఆయన అందులో ఎలా ఎక్కాడండీ?"

దానికి ఆరుగురు నవ్వు బొమ్మలు పెట్టారు. అత్త కొట్టినందుకు కాదు, తోడికోడలు నవ్వినందుకు అన్నట్టు, ఆ ఆరు బొమ్మలు నా గుండెలో గుచ్చుకున్నాయి. తొమ్మిది రోజులు ఆవిడ మొహం చూడకూడదనుకున్నాను. మొహం ఎలా ఉంటుందో ముందే తెలియకపోవడం వల్ల అది తేలికగానే గడిచిపోయింది.

కానీ పాఠకులారా, మీ దగ్గర దాపరికమెందుకు? తొమ్మిదో భాగంలో లిఫ్టు చెడిపోయిన సంగతి నేనే మర్చిపోయాను. ఆవిడకి గుర్తుంది. యాభై రెండు భాగాల నా కథని తలలో పెట్టుకు తిరిగిన మనిషి భూమ్మీద ఒక్కతే ఉంది, అది ఈవిడే. ప్రతి కొత్త భాగం పెట్టగానే నేను మొదట వెతికేది ఆవిడ కామెంటునే. కనబడితే ఒళ్ళు మండేది. కనబడకపోతే అన్నం సహించేది కాదు.

ఆవిడా ఒక సీరియల్ రాస్తోంది. పేరు 'పోయిన సామాన్ల గది'. నేను చదవలేదు. ఐదు మాటలూ వంతులవారీగా అంటించాను.

పోయిన గురువారం మధ్యాహ్నం ఆవిడ కొత్త పోస్టు వచ్చింది. అప్పుడే ఎవరో ఫ్రేమ్ అడుగుతూ లోపలికొచ్చారు. ఒక చేత్తో ఫ్రేమ్ అందిస్తూ రెండో చేత్తో వంతులో ఉన్న మాట అంటించేసి ఫోన్ బల్ల మీద పెట్టాను.

మా ఆవిడ కళ్ళు దాని మీద పడ్డాయి. కాసేపు చూసి, "ఏవండీ, ఈవిడెవరో ఇంక రాయడం మానేస్తానంటే, మీరేంటి తర్వాతి భాగం కోసం ఎదురుచూస్తున్నానన్నారు?" అంది.

లాక్కుని చూశాను. అక్కడున్నది ఇది: "ఇంతటితో రాయడం ఆపేస్తున్నాను. నా కథ ఎవరికీ అక్కర్లేదని ఏడో భాగం దగ్గరే తెలిసింది. అయినా పదకొండు దాకా చూశాను. అందరికీ సెలవు."

దాని కింద మొట్టమొదట నేను, కళ్ళు కాయలు కాచేలా ఎదురుచూస్తూ. నా కింద ఇరవై మంది. అద్భుతం. మీ శైలికి నమస్కారం. ముగింపు ఊహించలేదు. తిలాపాపం తలా పిడికెడు.

"ఏడో భాగంలో ఏం జరిగింది?" అంది మా ఆవిడ.

"నాకేం తెలుసు?"

"అక్కడ మీరూ ఏదో రాశారుగా."

రాశాను. 'ముగింపు ఊహించలేదు' అని. కథ పదకొండు భాగాల దాకా నడిచిందని మీకు ఇప్పుడే తెలిసింది కదా, నాకూ అప్పుడే తెలిసింది.

నాకు సిగ్గేసింది. నిజంగానే వేసింది. వచ్చినాయనకి ఫ్రేమ్ తగిలించి పంపేసి, వెనకగదిలో చార్టు ఎదురుగా ఉన్న కుర్చీలో కూర్చుని మొదటి భాగం తెరిచాను. మూడేళ్ళలో మొదటిసారి ఒకరి కథ చదివాను. అలవాటు లేక మొదట్లో బొటనవేలు తనంతట తనే జారిపోయింది. చేయి మార్చి పట్టుకున్నాను.

బస్ స్టేషన్‌లో జనం మర్చిపోయిన వస్తువులు దాచే గది ఉంటుంది. అందులో ఒక అమ్మాయి ఉద్యోగం. ప్రతి సోమవారం ఒక ముసలాయన వచ్చి, తన భార్య గొడుగు బస్సులో పోయిందంటాడు. ఏ రంగని అడుగుతుంది. నీలం అంటాడు. మళ్ళీ సోమవారం ఆకుపచ్చ అంటాడు. ఇంకో సోమవారం నీలమే అయ్యుండాలంటాడు. అరల్లో నీలంవీ ఉన్నాయి, ఆకుపచ్చవీ ఉన్నాయి. ఏది తీసి చూపించినా "ఇది కాదమ్మా," అంటాడు. ఆ భార్య పోయి ఎన్నాళ్ళయిందో ఆయన చెప్పడు, అమ్మాయి అడగదు.

ఇలా వెళ్ళి వెళ్ళి ఏడో భాగం మధ్యలో, ఒక పేరా నడుమ, ఈ రెండు వాక్యాలు ఉన్నాయి. "ఇక్కడిదాకా చదివినవాళ్ళు కామెంట్లో గొడుగు అని ఒక్క మాట రాయండి. ఒకరైనా ఉన్నారని నాకు తెలుస్తుంది." తర్వాత ఏమీ జరగనట్టు కథ ముందుకెళ్ళిపోయింది.

కింద ముప్ఫై ఒక్క కామెంట్లున్నాయి. ఒక్క గొడుగూ లేదు.

మీకు గుండె కలుక్కుమందో లేదో కానీ నాకు కలుక్కుమంది. నా లిఫ్టు చెడిపోయిందని పట్టించుకున్న మనిషి, ముప్ఫై మంది మధ్య నిలబడి ఎవరైనా ఉన్నారా అని పిలిస్తే, ముగింపు ఊహించలేదని జవాబిచ్చాను నేను. మిగతా నాలుగు భాగాలూ అక్కడే కూర్చుని చదివేశాను. ఈలోగా ముందుగదిలోకి ఇద్దరొచ్చి ఎవరూ పలకక వెళ్ళిపోయారని మా ఆవిడ తర్వాత చెప్పింది. తను ఎందుకు పలకలేదంటే, పక్కన స్టూలు మీద కూర్చుని తనూ చదువుతోంది మరి.

చదవడం అయ్యాక వెనక్కెళ్ళి, ఏడో భాగం కింద 'గొడుగు' అని రాశాను. నేను సొంతంగా రాసిన మొదటి కామెంటు అది.

ఇక్కడే నా సిద్ధాంతం ఎంత బలమైనదో మీరు గమనించాలి. పది నిమిషాల్లో నా కింద ఇంకొక గొడుగు వచ్చింది. తర్వాత 'గొడుగు, అద్భుతం సార్' అని ఒకటి. 'మీ గొడుగుకి నమస్కారం' అని ఒకటి. ఎవరికో గొడుగు చూసి కళ్ళు చెమర్చాయి. టీ తాగి వచ్చేసరికి పదమూడు గొడుగులు తెరుచుకుని ఉన్నాయి. వాటిలో నాది ఏదో ఆవిడ ఎలా పోల్చుకుంటుంది? ముందొచ్చింది నాదేనని చెప్పుకుందామా? చెడిపోయిన లిఫ్టులో మనిషిని ఎక్కించినవాడి మాట ఎవరు నమ్ముతారు? మూడేళ్ళుగా కష్టపడి నేర్చుకున్న విద్య నాకే ఎదురుతిరిగింది.

సాయంత్రం ఆవిడ యాప్‌లోకి వచ్చింది. "ఇన్ని గొడుగులా? సంతోషమండీ. ఇంతకీ ఆ గొడుగు రంగేంటో ఎవరైనా చెప్తారా?" అని అడిగింది.

లైటు ఆర్పడం నాకొక్కడికే వచ్చనుకున్నాను.

జవాబులు టకటకా పడ్డాయి. 'నలుపు.' 'నలుపే కదా మేడమ్.' 'నల్లని గొడుగు, నల్లని దుఃఖం, అద్భుతం.' గొడుగు అన్నాక నలుపు కాక ఇంకేముంటుంది? ముందురోజు అడిగి ఉంటే నేనూ అదే రాసేవాణ్ణి, అందరికంటే ముందు.

రాసి, చెరిపి, మళ్ళీ రాసి, ఆఖరికి ఇలా పెట్టాను. "రంగు ఆయనకి గుర్తులేదండీ. ఒక్కో సోమవారం ఒక్కోటి చెప్పాడు. పదకొండో భాగంలో ఆ అమ్మాయి తన సొంత గొడుగు, కాఫీ రంగుది, తెచ్చి ఇచ్చింది. ఆయన 'ఇదేనమ్మా' అన్నాడు. మీరు కథ అక్కడ ఆపేయడం అన్యాయం. వాన పడుతోంది కదా, ఆ అమ్మాయి ఇంటికెలా వెళ్ళింది?"

షట్టరు దించే వేళయింది. మా ఆవిడ బల్ల తుడుస్తూ, "వచ్చిందా?" అని రెండుసార్లు అడిగింది. తాళం వేస్తుంటే ఫోన్ మోగింది.

"తడుస్తూ వెళ్ళింది. పన్నెండో భాగం సోమవారం పెడతాను," అని ఉంది. దాని కింద ఇంకో వాక్యం. "ఇంతకీ మీ లిఫ్టు బాగుచేయించారా, లేదా?"

చూశారా మనిషి బుద్ధి! ఇంత చేసినా లిఫ్టు సంగతి వదల్లేదు. దారి పొడుగునా ఉడుక్కుంటూనే నడిచాను. అంత ఆనందంగా ఉడుక్కోవడం నాకు ఈ మూడేళ్ళలో ఎప్పుడూ కుదరలేదు.

నిన్న యాభై మూడో భాగం పెట్టాను. లిఫ్టు బాగుకాలేదు. ఆయన మెట్లెక్కి నాలుగో అంతస్తుకి చేరుకున్నాడు.

ఇప్పుడు మీ వంతు. ఈ వ్యాసం కింద 'అద్భుతం' అని రాయడానికి వేలు పైకెత్తారు కదా, రాయండి, కాదనను. దాంతోపాటు ఆ మెట్ల సలహా మొదట ఎవరిచ్చారో కూడా ఒక్క మాట రాయండి. నలుపు అని మాత్రం రాయకండి.