యంత్రానికి ఆజ్ఞాపించే అర్హత

ఆసుపత్రి సిబ్బంది అంతా కంప్యూటర్ అక్షరాస్యులు కావాలని యాజమాన్యం నిర్ణయించింది. ఆ మేరకు లాండ్రీలో, దుప్పట్లు మడతపెట్టే బల్ల పక్కన ఒక కంప్యూటర్ వెలిసింది. దుమ్ము పడకుండా దానికి ఆపరేషన్ గదిలో వాడే ఆకుపచ్చ గుడ్డ కప్పారు. మొదటి వారమంతా ఆ గుడ్డను ముడత పడకుండా తీయడమూ, తిరిగి కప్పడమూ నేర్పారు. ఇందులో లాండ్రీవారు చూపిన ప్రతిభకు సూపరింటెండెంటుగారు ముగ్ధులయ్యారు.

ఇస్త్రీ అక్క మనసు మాత్రం గుడ్డ మీద లేదు. ఆమె కూతురు హాస్టల్లో చదువుతోంది. అక్కడ ఆదివారం తప్ప తల్లిదండ్రులను గేటు దాటనివ్వరు. అక్కకేమో ప్రతి ఆదివారమూ డ్యూటీయే. వెళ్ళి మొరపెట్టుకుంటే సూపరింటెండెంటుగారు ఎంతో నొచ్చుకునేవారు.

"నా చేతుల్లో ఏముందమ్మా! డ్యూటీలు వేసేది కంప్యూటరాయె. దానికి నీమీద పగా, మా బావమరిది మీద ప్రేమా ఉంటాయా?"

బావమరిదిగారు లాండ్రీ మేస్త్రీ. ఆదివారాలు ఆయనకు ఇంటిపట్టున విశ్రాంతి అవసరమని యంత్రం తనంతట తానే గ్రహించింది. విజ్ఞాన శాస్త్రం అంత ఎదిగింది మరి.

అక్క ఉండబట్టలేక పాఠం చెప్పే అమ్మాయిని అడిగింది. "ఎవరో ఒకరు చెప్తేనే కదమ్మా ఇది వేసేది? ఆ చెప్పడమేదో నాకూ నేర్పవూ?"

"దాన్ని ప్రోగ్రామింగ్ అంటారక్కా. మన పాఠాల్లో లేదు. పెట్టాలా వద్దా అని కమిటీ వేశారు."

కమిటీ తీవ్రంగా ఆలోచించింది. "కారెక్కే ప్రతివాడూ ఇంజను విప్పాలా?" అని ఒక పెద్దాయన గర్జించారు. కొంచెం ప్రోగ్రామింగ్ ఉంటే ఆసుపత్రి కరపత్రంలో అందంగా ఉంటుందని మరొకరు సెలవిచ్చారు. ఆ మాటతో చర్చ ముగిసింది, పాఠం మంజూరైంది.

"దీనికి ఏం చెబుదాం?" అని అమ్మాయి తరగతిని అడిగింది.

"ఆదివారాలు అందరికీ వంతులవారీగా వెయ్యమను తల్లీ" అంది అక్క.

అమ్మాయి నాలుగు వరుసలు కొట్టింది. తెర మీది డ్యూటీ పట్టికలో వచ్చే ఆదివారం ఎదురుగా మేస్త్రీగారి పేరు పడింది.

"మేస్త్రీగారూ, ఇస్త్రీపెట్టె ఎటు పట్టుకోవాలో నేర్పమంటారా?" అని దుప్పట్ల వెనకనుంచి ఎవరో అన్నారు. లాండ్రీ ఘొల్లుమంది.

సాయంత్రానికల్లా అత్యవసర సమావేశం జరిగింది. ప్రోగ్రామింగ్ అంటే ఆజ్ఞలివ్వడమనీ, సర్వీసు నిబంధనల ప్రకారం కింది తరగతి ఉద్యోగులకు మనిషికి గానీ యంత్రానికి గానీ ఆజ్ఞలిచ్చే అధికారం లేదనీ సూపరింటెండెంటుగారు కనిపెట్టారు. పాఠం రద్దయింది. పాత పట్టిక తిరిగి వచ్చింది. అమ్మాయిని స్టోర్సు గదికి మార్చారు.

"పోన్లే అక్కా, పరీక్షలో ఒక ప్రశ్న తగ్గింది" అని తోటివాళ్ళు ఊరటచెప్పారు. సర్టిఫికెట్లు అందరికీ వచ్చాయి, అక్కతో సహా.

ఆ ఆదివారమే హాస్టల్లో వ్యాసరచన బహుమతుల సభ. 'యంత్రం ముందు అందరూ సమానమే' అన్న వ్యాసానికి అక్క కూతురికి మొదటి బహుమతి వచ్చింది. ముఖ్య అతిథి సూపరింటెండెంటుగారు. "మీ అమ్మ రాలేదా పాపా?" అని ఆయన ఆప్యాయంగా బుగ్గ నిమిరారు.

"డ్యూటీ పడిందండి."

ఎంత బాధ్యత గల కుటుంబమో చూడండి అన్నారాయన మైకులో. మనమంతా లేచి నిలబడి మరీ చప్పట్లు కొట్టాం.