దానంతటదే బాగయిన పంపు

పేద దేశాల్లో చేతిపంపులు ఎందుకు పనిచెయ్యవన్న సంగతి ఇక ఎవరి ఊహలకీ వదిలిపెట్టేది లేదనీ, శాస్త్రీయంగా తేల్చి పారేస్తామనీ మంత్రిగారు ప్రకటించారు. "ఈ పరిశోధనకి మనకన్నా అనువైన దేశం భూమ్మీద లేదని నిపుణులే ఒప్పుకున్నారు" అని ఆయన గర్వంగా సెలవిచ్చేసరికి హాలు చప్పట్లతో మారుమోగింది.

ఆ చప్పట్లు కొట్టినవాళ్ళలో మునిసిపాలిటీ పంపు మేస్త్రీ కూడా ఉన్నాడు. "స్థానిక జ్ఞానం" అని చీటీ అంటించిన కుర్చీ ఒకటి ఖాళీగా ఉంటే, దాన్ని నింపడానికి కమిషనరుగారు అతన్ని పిలిపించారు. ఇరవై రెండేళ్ళుగా ఊళ్ళో పంపులు విప్పుతూ బిగిస్తూ బతికినవాడు. చదువు ఏడో తరగతితో సరి. సభామర్యాద తెలీదు. అందుకని, పరిశోధన డైరెక్టరుగారు తెరమీద బాణాల బొమ్మ చూపించి "అసలు సమస్యకి మూలం ఏమిటి?" అనగానే, ఆయన నిజంగానే అడుగుతున్నారనుకుని లేచి నిలబడ్డాడు.

"వాషరండీ."

"ఏమిటీ?"

"లోపల తోలు వాషరు అరిగిపోయిందండీ. పై వీధి పంపుకీ అదే, కింద వీధి పంపుకీ అదే. కొత్త వాషర్లు సంచీలోనే ఉన్నాయి. మీరు ఊ అంటే మధ్యాహ్నానికల్లా నీళ్ళు పడతాయి."

డైరెక్టరుగారు పదహారు దేశాల్లో పేదరికాన్ని దగ్గరుండి చూసిన మనిషి. ఏ మాత్రం కోప్పడలేదు. "అది లక్షణం. మేం వెతికేది కారణం" అన్నారు.

"ముందు బాగుచేసి, తర్వాత తీరిగ్గా వెతుక్కోవచ్చు కదండీ?"

"బాగైపోతే ఇక పరిశోధించడానికి ఏం మిగులుతుంది?"

కమిషనరుగారు వెనకనుంచి మేస్త్రీ చొక్కా పట్టి లాగి కూర్చోబెట్టారు.

పద్ధతి ఏమిటంటే, బొమ్మా బొరుసూ వేస్తారు. బొమ్మ పడ్డ వీధికి అన్నీ చేస్తారు. బొరుసు పడ్డ వీధికి ఏమీ చెయ్యరు. ఆరు నెలలు పోయాక రెండూ పోల్చి చూస్తారు. పై వీధికి బొమ్మ పడింది. కింద వీధికి బొరుసు. మేస్త్రీ ఇల్లు కింద వీధిలో, పంపుకి సరిగ్గా ఎదురుగా.

మర్నాడు అతని చేత ఒక కాగితం మీద సంతకం పెట్టించారు. పరిశోధన జరిగినన్నాళ్ళూ రెండు పంపుల్లో దేనిమీదా చెయ్యి వెయ్యననీ, వేస్తే ఉద్యోగంలోంచి తీసెయ్యవచ్చుననీ. అందులో అతన్ని "బయటి ప్రభావం" అని రాశారు. ఇంతకుముందు ఆఫీసులో ఎవరూ అతన్ని అంత పెద్ద మాటతో పిలవలేదు.

ఇంట్లో ఈ గౌరవం ఎవరికీ అర్థం కాలేదు. పెద్దకూతురు పురిటికొచ్చి ఉంది. పసిగుడ్డుకి ఇంకా నెల నిండలేదు. ఆ గుడ్డలకీ స్నానాలకీ వంటకీ కలిపి రోజుకి పన్నెండు బిందెలు. అన్నీ మార్కెట్ మూలనున్న కుళాయి దగ్గర్నుంచి పెళ్ళామే మోసుకు రావాలి. ఆవిడ కుడి మోకాలు ఎప్పుడో వాచింది.

"ఏమయ్యా, ఊరందరి పంపులూ బాగుచేస్తావు. కళ్ళెదురుగా ఉన్నదానికి దండం పెట్టుకు కూర్చుంటావా?"

"సంతకం పెట్టానే."

"సంతకం తాగమంటావా మనవడిని?"

మేస్త్రీ అటు తిరిగి పడుకున్నాడు. అటువైపు పడుకున్నా పంపే కనిపిస్తోంది.

రెండో నెలలో సర్వే అమ్మాయి వచ్చింది. చేతిలో టాబ్, నెత్తిన టోపీ. మంచి పిల్లే.

"ఆంటీ, నీళ్ళు రాకపోవడం పట్ల మీ సంతృప్తి ఎంత? ఒకటి నుంచి అయిదులోపు చెప్పండి."

"సున్నా ఉందా?"

"లేదాంటీ. ఒకటే తక్కువ."

"అంటే ఎంతో కొంత సంతృప్తి పడక తప్పదన్నమాట. సరే, రాసుకో."

"నీళ్ళకోసం రోజూ ఎంత దూరం నడుస్తారు?"

"ఇదుగో, ఈ బిందె పట్టుకు నాతో రా. దారి పొడుగునా కొలుచుకుందువుగాని."

అమ్మాయి ఉలిక్కిపడి తర్వాతి ప్రశ్నకి వెళ్ళిపోయింది. "ఇంటి యజమాని వృత్తి?"

"పంపు మేస్త్రీ."

అమ్మాయి మేస్త్రీని చూసింది. ఎదురుగా ఎండిపోయిన పంపుని చూసింది. టాబ్‌లో కిందికీ పైకీ వెతికింది. "అది ఇందులో లేదంకుల్. 'ఇతరములు' అని పెట్టనా?"

"పెట్టు తల్లీ" అన్నాడు మేస్త్రీ.

పై వీధిలో మాత్రం అభివృద్ధి మూడు పువ్వులూ ఆరు కాయలుగా ఉంది. పంపు కమిటీ వేశారు. దానిమీద పర్యవేక్షణ కమిటీ వేశారు. గోడమీద ధారగా నీళ్ళు కారుతున్న పంపు బొమ్మ గీయించారు. ఎండలో అటుగా పోయేవాళ్ళు దాన్ని చూసి గుటకలు వేసేవారు. ఒకళ్ళమీద ఒకళ్ళకి నమ్మకం పెరగడానికి ఒక ఆట పెట్టారు: కళ్ళు మూసుకుని వెనక్కి పడాలి, వెనకున్నవాడు పట్టుకోవాలి. కమిటీ అధ్యక్షుడైన ముసలాయన పూర్తి నమ్మకంతో వెనక్కి పడ్డాడు. వెనకున్నాయన సరిగ్గా అప్పుడే హాజరు పట్టీలో సంతకం పెడుతున్నాడు. అధ్యక్షుడి నడుముకి కట్టు వేశారు. ఫిర్యాదుల పెట్టె ఒకటి తెచ్చి, అందరికీ కనిపించాలని పంపు పిడికే గొలుసుతో బిగించి తాళం వేశారు. ఇప్పుడు నీళ్ళున్నా సరే పిడి కదలదు.

వాషరు మాత్రం వెయ్యలేదు. అది ప్రశ్నాపత్రంలో లేదు.

నాలుగో నెలలో ఒక మిట్టమధ్యాహ్నం, "నీరు: ప్రజల గొంతుక" అనే వర్క్‌షాపు కోసం పరిశోధకులూ అధికారులూ కట్టగట్టుకుని ఏసీ హోటలుకి వెళ్ళారు. ఆ పూటే మేస్త్రీ పెళ్ళాం నిండు బిందెతో వీధి మొదట్లో కాలు జారి పడింది. మోకాలు చిట్లింది. బిందె సొట్టపోయి దొర్లుకుంటూ వచ్చి గుమ్మం ముందు ఆగింది. ఆవిడ రోడ్డుమీద కూర్చుని, నేల ఇంకించుకుంటున్న నీళ్ళకేసి చూస్తూ ఉండిపోయింది.

మేస్త్రీ ఆవిడని లేపి అరుగుమీద కూర్చోబెట్టాడు. లోపలికెళ్ళి పానాలూ సంచీ తెచ్చాడు. అరగంట పట్టింది. మొదట తుప్పునీళ్ళు, తర్వాత మంచినీళ్ళు.

వీధి వీధంతా బిందెలతో బయటికొచ్చింది. ఎవరూ అరవలేదు, ఈల వెయ్యలేదు. జాకెట్లు కుట్టే దర్జీ మాత్రం అందరికీ వినబడేలా అన్నాడు: "ఈయన ఉద్యోగం మన నోళ్ళల్లో ఉంది. ఎవడడిగినా మనకేం తెలీదు. దానంతటదే బాగయింది. అంతే!"

ఆరో నెల చివర సర్వే అమ్మాయి మళ్ళీ వచ్చింది. ఇల్లిల్లూ తిరిగింది.

"పంపు ఎవరు బాగుచేశారు?"

"దానంతటదే."

"ఎప్పుడు?"

"ఒకనాడు చూస్తే వస్తున్నాయమ్మా."

నూట పన్నెండు ఇళ్ళు. నూట పన్నెండు జవాబులు. ఒక్క అక్షరం తేడా లేదు. తన వృత్తిజీవితంలో ఇంత నికార్సయిన డేటా చూడలేదని డైరెక్టరుగారు కళ్ళు తుడుచుకున్నారట.

మంత్రిగారు మళ్ళీ సభ పెట్టారు. "అన్నీ చేసిన వీధిలో పంపు పనిచెయ్యడం లేదు. ఏమీ చెయ్యని వీధిలో పనిచేస్తోంది! ఏమీ చెయ్యకపోవడంలో మా ప్రభుత్వానికున్న అనుభవం ఇంకెవరికీ లేదు. ఇకపైన అదే మా విధానం." దాని పేరు "స్వయం స్వస్థత". పంపులు వాటంతటవే బాగవుతాయి కనుక, వాటి స్వేచ్ఛకి అడ్డుపడే మేస్త్రీ పోస్టులన్నీ రద్దు.

మేస్త్రీ సిగ్గూ భయమూ పక్కనబెట్టి కమిషనరుగారి గదికి పరిగెత్తాడు. డైరెక్టరుగారు కూడా అక్కడే ఉన్నారు.

"అయ్యా, తప్పు నాదే. నేనే బాగుచేశాను. ఉద్యోగం తీసేస్తే నన్నొక్కణ్ణి తీసెయ్యండి. మిగతావాళ్ళ కడుపు కొట్టకండి."

డైరెక్టరుగారు జాలిగా చూశారు. "మీరెంతమంది?"

"ఏంటండీ?"

"ఈ మాట చెప్పేవాళ్ళు ఎంతమంది?"

"నేనొక్కణ్ణే."

"అటుపక్క నూట పన్నెండు మంది. ఒక్కడు చెప్పేదాన్ని మేం డేటా అనం, కబురంటాం."

"వీధివాళ్ళని పిలిపించండి, నిజం చెప్పిస్తాను!"

"సర్వే అయిపోయింది" అన్నారు కమిషనరుగారు.

"మంచి ఫలితం కనబడితే అది తనవల్లే వచ్చిందనిపించడం మానవ సహజం" అని డైరెక్టరుగారు అతని భుజం తట్టారు. "బాధపడకండి. దీనికో పేరు కూడా ఉంది."

అయినా ప్రభుత్వం అతని పొట్ట కొట్టలేదు. ఈ అద్భుతాన్ని కళ్ళారా చూడటానికి పై దేశాలనుంచి నిపుణుల బృందం దిగింది. పంపు బాగవడం చూపించాలంటే ముందది పాడవ్వాలి. శుభ్రంగా పాడుచెయ్యడం ఊళ్ళో ఒక్కడికే తెలుసు. మేస్త్రీని పిలిచి కింద వీధి పంపులో వాషరు తీయించారు. తర్వాత పంపు చుట్టూ తాడు కట్టి, ఎవరూ దాన్ని ముట్టుకుని ఫలితం చెడగొట్టకుండా అతన్నే కాపలా పెట్టారు. ఖాకీ చొక్కా ఇచ్చారు. మెడలో విజిల్ వేశారు. పంపు దానంతటదే బాగయ్యేదాకా ఉద్యోగం ఖాయమన్నారు.

టెంటు కింద పద్నాలుగు మంది నిపుణులు కూర్చుని పంపుని చూడసాగారు. మొదటిరోజు పంపు ఏమీ చెయ్యలేదు. రెండోరోజూ చెయ్యలేదు. "చూస్తున్నారు కదా, ఎంత సహజంగా ఉందో!" అన్నారు డైరెక్టరుగారు. నిపుణులు సీసాల్లో నీళ్ళు తాగుతూ రాసుకున్నారు.

నాలుగోరోజు పొద్దున్న మేస్త్రీ పెళ్ళాం కుంటుకుంటూ వచ్చింది. ఒక చేతిలో బిందె, ఒక చేతిలో పానా. తాడు పైకెత్తి లోపలికి దూరింది.

"ఆగవే!"

"ఎందుకాగాలి? నువ్వు బిగిస్తావా, నన్ను బిగించమంటావా?"

"ఉన్న ఈ కాస్త ఉద్యోగమూ పోతుందే."

"పిల్లాడికి స్నానం పోసి రెండ్రోజులయింది."

నిపుణుల కలాలు ఆగాయి. కమిషనరుగారు కుర్చీలోంచి సగం లేచారు. మేస్త్రీ ఆవిడ మోకాలికేసి చూశాడు. పానాకేసి చూశాడు. కమిషనరుగారికేసి చూశాడు. విజిల్ నోట్లో పెట్టుకుని ఊదాడు.

"ఊదు. బాగా ఊదు" అంది ఆవిడ. "దాహం తీరుతుంది."

ఇద్దరు కానిస్టేబుళ్ళు వచ్చి ఆవిడని మర్యాదగానే తాడు అవతల దింపారు. ఏం జరిగిందని ఒక నిపుణుడు అడిగాడు. డైరెక్టరుగారు గర్వంగా పంపుకేసి చెయ్యి చూపించారు.

"ప్రజలు తమ పంపుని తామే కాపాడుకుంటున్నారు."

పద్నాలుగు మందీ లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. కెమెరా పట్టుకున్నాయన మాత్రం నొచ్చుకుంటూ ముందుకొచ్చాడు. సరిగ్గా ఊదే సమయానికి కెమెరా ఆన్ కాలేదట. ఆవిడని మళ్ళీ ఒక్కసారి లోపలికి రమ్మంటే బాగుంటుందన్నాడు.

కానిస్టేబుల్ తాడు పైకెత్తి పట్టుకున్నాడు.