ప్రభుదాసు బిగించిన మీటరు

మరదలు ఏంజెల్ పెళ్ళిరోజు పొద్దున్నే ప్రభుదాసు ఒక చిన్న పని పెట్టుకున్నాడు. తన పాత డీజిల్ జీపుకి ఇంజను వేడి చూపే మీటరు బిగించి, పెళ్ళికూతుర్ని అందులోనే హొసకోటె చర్చికి తీసుకెళ్ళాలి. అది 1999. అతను కృష్ణరాజపురంలో సైన్సు మాస్టరు. జీపులో వేడికి ఒక ఎర్రలైటు తప్ప మరేమీ లేదు. అది వెలిగేసరికి ఇంజను పని అయిపోయి ఉంటుందని అతని బెంగ. అందుకే బండి సామాన్ల కొట్లుండే జేసీ రోడ్డంతా గాలించి, ముల్లున్న మీటరూ, నీళ్ళ వేడిని పసిగట్టే ఇత్తడి సెన్సరూ కొనుక్కొచ్చాడు.

సెన్సరుని ఇంజనుకి బిగించి, దాని వైరుని డ్రైవరు కాళ్ళ ముందున్న ఇనుపరేకులోని రంధ్రంలోంచి లాగి మీటరుకి కలిపాడు. రంధ్రం అంచుకి వైరు ఒరుసుకోకుండా రబ్బరు బుష్షు వెయ్యాలని తెలుసు. వెతికాడు, దొరకలేదు, వదిలేశాడు. ఇంజను స్టార్టు చేస్తే ముల్లు నెమ్మదిగా లేచి సరిగ్గా మధ్యలో నిలిచింది. ఇంటిల్లిపాదినీ పిలిచి చూపించాడు. తెల్లచీరలో, సగం పెట్టిన పూలతో ఏంజెల్ కూడా వచ్చి చూడక తప్పలేదు.

"ఈ కేఆర్ పురంలో ఎన్ని జీపులకు ఉండాది ఇట్లాంటిది?" అన్నాడు ప్రభుదాసు.

"అది లేకనే ఇన్నేండ్లు తిరిగింది కదప్పా," అన్నాడు మామ బాలయ్య.

మేడహళ్ళి దాటాక గుంతల్లో జీపు ఎగిరిపడింది. ముల్లు ఒక్క దూకుతో చివరి ఎర్రగీత మీదికి పోయింది. ప్రభుదాసు జీపు ఆపి అందరినీ దింపేశాడు. తాగడానికి తెచ్చిన నీళ్ళన్నీ తువ్వాలు మీద పోసి రేడియేటరుకి చుట్టాడు. హొసకోటె వైపు పోతున్న స్కూటరాయన్ని బాలయ్య ఆపి, ఇంజను కాగిపోయిందనీ, రావడం ఆలస్యమవుతుందనీ చర్చిలో చెప్పమని బతిమాలాడు.

చాలాసేపు కాచుకున్నారు. తాళం తిప్పి చూసినప్పుడల్లా ముల్లు ఎర్రగీత మీదే ఉంది. ప్రభుదాసు భార్య లిడియా ఆసుపత్రిలో నర్సు. ఇక ఓపిక పట్టలేక వచ్చి, రోగి నుదురు చూసినట్టు రేడియేటరు మీద చెయ్యి పెట్టింది.

"జ్వరమేం లేదండీ. మీ థర్మామీటరే చెడిపోయుండాది," అంది.

ప్రభుదాసు నమ్మలేక రేడియేటరు మూత తీసి చూశాడు. నీళ్ళు నిండుగా, చల్లగా ఉన్నాయి. అప్పుడు వైరు పట్టుకుని వెతికితే, రంధ్రం దగ్గర దాని తొక్క తెగి లోపలి రాగితీగ ఇనుపరేకుకి తగులుతోంది. ముల్లు ఊరికే ఎగిరింది అందుకే. లిడియా చేతిసంచిలోంచి ప్లాస్టరు తీసి గాయానికి చుట్టినట్టే చుట్టింది. ముల్లు వెంటనే కిందికి వాలింది. ఇంక ఆ ముల్లు మాట ఎత్తితే దిగి నడిచిపోతానని బాలయ్య గట్టిగా చెప్పాడు. మాట పడిన ప్రభుదాసు రేడియేటరు మూతను అరకొరగా తిప్పి, బానెట్ మూసి, జీపు ఎక్కాడు.

బూదిగెరె క్రాసు దాటాక ముల్లు మళ్ళీ లేచింది. ఆపితే మామ తిడతాడు, ఆపకపోతే ఇంజను పోతుంది. జీపు పక్కకి తీశాడు.

"పోనీయప్పా! ఆడ పాస్టరు కాచుకోనుండాడు," అన్నాడు బాలయ్య.

"అప్పుడు ఒక్కసారే ఎగిరింది మామా. ఇప్పుడు మెల్లగా ఎక్కుతా ఉండాది. ఇది అబద్ధం కాదు."

"నిలుపు బావా," అంది ఏంజెల్. పెళ్ళికి వేళ మించిపోయిందని అందరికన్నా ఆమెకే ఎక్కువ తెలుసు.

బానెట్ ఎత్తగానే ఆవిరి బుస్సుమంది. మూత ఒక పక్కకి ఒరిగి, నీళ్ళు సగానికి పైగా పోయాయి. మరి పోయడానికి చుక్క లేదు.

అంతలో ఎదురుగా హారను కొడుతూ ఒక నీళ్ళ ట్యాంకరు వచ్చి ఆగింది. డ్రైవరు పక్కన సూటు వేసుకుని పెళ్ళికొడుకు ఆశీష్ కూర్చుని ఉన్నాడు. స్కూటరాయన నోట పడి "కాగిపోయింది" అన్న మాట చర్చి చేరేసరికి "కాలిపోయింది" అయిందట. మంటలార్పడానికి దొరికిన ట్యాంకరెక్కి వచ్చేశాడు. ఆశీష్ దూకి ఏంజెల్‌ని ఎగాదిగా చూశాడు.

"నాకేం కాలేదు," అంది ఏంజెల్. "బావ మీటరు చూసి నిలిపినాడు. లేకుంటే ఇంజను పట్టేసి ఈడనే ఉండిపోతుంటిమి."

ప్రభుదాసు ఛాతీ రెండింతలైంది. మూత సంగతి ఎవరూ అడగలేదు, అతనూ చెప్పలేదు. పెళ్ళికూతురూ పెళ్ళికొడుకూ ట్యాంకరులోనే చర్చికి ముందు పోయారు. ఇంజను చల్లారాక, ట్యాంకరు వదిలి వెళ్ళిన బిందెల్లోని నీళ్ళు రేడియేటరులో పోసుకుని జీపు వెనకే బయలుదేరింది. దారి పొడుగునా బాలయ్య రోడ్డు వైపు చూడలేదు. ముల్లునే చూస్తూ, అల్లుడికి అది ఎక్కడుందో చెబుతూ వచ్చాడు.

ప్రార్థన ముగిశాక విందుకి ముందే మీటరు కబురు పాకింది. మగపెళ్ళివాళ్ళు ఇద్దరిద్దరుగా జీపు దగ్గరికి వచ్చారు. ప్రభుదాసు ప్రతి జంటకీ ఇంజను స్టార్టు చేసి చూపించాడు. ఆ పూట పెళ్ళికూతురి కన్నా ఆ మీటరునే ఎక్కువమంది చూశారని లిడియా ఇప్పటికీ దెప్పుతుంది. ప్రభుదాసు మాత్రం దాన్ని మెచ్చుకోలుగానే లెక్కవేస్తాడు.